భాషాజన్యు వాదము : ఫాక్స్‌పి2 జన్యువును దాని మాంసకృత్తును గూర్చిన విచారము

‘భాషాజన్యువు’ అను మాట కొంతకాలముగ మన శాఖలయందు తఱచు వినవచ్చుచున్నది. భాషోత్పత్తిని గూర్చి వ్రాయు పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాసముల పీఠికలలో, మానవునియందు వ్యాకరణమునకు కారణభూతమైన జన్యువు 2001 వ సంవత్సరమున కనుగొనబడినదనియు, దానితో భాష సహజమా అభ్యస్తమా అను పాత వివాదము తీఱిపోయినదనియు ఒక్క వాక్యమున వ్రాసి ముందునకు సాగుచున్నారు. అట్టి వాక్యములను మేము పలుమాఱులు కొట్టివేయవలసి వచ్చినది. ఎందులకు కొట్టివేసితిరని అడిగినవారికి వ్రాసి యిచ్చిన సమాధానమే పెరిగి ఈ వ్యాసమైనది.

జన్యువు కలదన్నమాట నిజము. దానికి ఫాక్స్‌పి2 అని పేరు. అది చెడినచో మాట చెడునన్నదియు నిజమే. ఇంతవఱకు వివాదము లేదు. కాని మాట చెడుట వేఱు, వ్యాకరణము చెడుట వేఱు. మన నుడికారమునందు ‘నోరు తిరుగుట’ అను పలుకుబడి యొకటి యున్నది. ‘వానికి ఆ మాట నోరు తిరుగదు’ అన్నప్పుడు ఆ మాట వానికి తెలియదని మన భావము కాదు. తెలిసిన మాటనే నాలుక, పెదవులు, దవడ, ఊపిరి వరుస తప్పక కూడివచ్చునట్లు పలుకజాలడని భావము. ఈ భేదమును అక్షరము ముక్క రాని పల్లెటూరి ముదుసలియు ఎఱుగును. ఫాక్స్‌పి2 విషయమున పండితులు కొందఱు కొంతకాలము ఈ భేదమునే మఱచిరి. ఈ జన్యువు నోరు తిరుగుటకు దగ్గఱగను, వ్యాకరణమునకు దూరముగను ఉన్నదని చూపుటయే ఇచట మా ఉద్దేశము.

ప్రశ్న మనకు క్రొత్తది కాదు. శిశువు తొలిసారి నోటిని కదల్చి ధ్వనిని పుట్టించు కరణవిన్యాసము ఒకరు నేర్పగా వచ్చునది కాదనియు, అందులకు అనాదియగు శబ్దభావన యొకటి ప్రాణియందు ముందే యుండవలెననియు భర్తృహరి వాక్యపదీయమున ప్రతిపాదించెను. ఆయన పుట్టుకతో వచ్చునదానిని చెప్పబూనినప్పుడు సుప్తిఙంతములను గాక కరణముల కదలికను, ప్రాణవాయువు పైకెగయుటను, అది స్థానములను తాకుటను పేర్కొనుట గమనింపదగినది. పాశ్చాత్యులలో నోమ్ చోమ్‌స్కీ 1957 నుండి వేఱొక త్రోవ పట్టెను. బిడ్డ వినిన వాక్యములు కొన్ని. పలుకగల వాక్యములు అనంతము. కావున వ్యాకరణపు మూలచట్రము పుట్టుకతోనే రావలెనని ఆయన వాదము. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినచో తరువాతి కథ సులభముగ బోధపడును.

1958 లో జీన్ బెర్కో అను అమెరికా పరిశోధకురాలు చిన్నపిల్లలకు పిట్టను పోలిన బొమ్మ నొకదానిని చూపి, దానికి ‘వగ్’ అని లేని పేరొకటి పెట్టి, అట్టివి రెండున్నచో ఏమందురని అడిగెను. పిల్లలు ఎన్నడును వినని ఆ మాటకు సరియైన బహువచనము చెప్పిరి. తెలుగున ఇట్టి పరీక్షను ఊహించుట కష్టము కాదు. ‘టిబ్బి’ అని లేని వస్తువును చూపి, అవి రెండున్నచో ఏమనవలెనని అడిగినయెడల తెలుగింటి బిడ్డ ‘టిబ్బులు’ అనునుగాని ‘టిబ్బిలు’ అనడు. పిల్లి పిల్లులగునట్లు, బడి బడులగునట్లు ఇకారము ఉకారమగునని అతడు బాలవ్యాకరణమును చదివి తెలిసికొనలేదు. విన్న మాటలనుండి సూత్రమును తానే గ్రహించినాడు. ఈ శక్తి పుట్టుకతో వచ్చునది యైనచో, అది పుట్టుకతోనే లోపించినవారును ఉండవలెను గదా! అట్టివారు దొరకినారని 1990 లో ఒక వార్త వెలువడెను.

లండను నగరమున మూడు తరముల కుటుంబమొకటి యుండెను. వారి పేరును మఱుగుపఱచి పరిశోధకులు దానిని ‘కె.ఇ. కుటుంబము’ అని మాత్రమే వ్యవహరించిరి; మేమును అంతకు మించి వ్రాయము. అందు సుమారు సగముమందికి బాల్యమునుండియు మాట స్పష్టముగ రాలేదు. తక్కినవారికి ఏ లోపమును లేదు. ఒకే యింట ఒకే భాష వినుచు పెరిగిన తోబుట్టువులలో ఒకరికి మాట చక్కగ వచ్చుట, మఱియొకరికి రాకుండుట చూచినవారు పెంపకమును తప్పుపట్టజాలరు. లోపమున్నవారి సంతానమున దాదాపు సగము మందికి లోపము వచ్చుట, ఆడమగ భేదము లేకుండుట, లోపము లేనివారి సంతానమునకు అది రాకుండుట వంశానుగతమునకు స్పష్టమైన గుర్తులు. జేన్ హర్స్ట్ మున్నగు వైద్యులు 1990 లో ఈ విషయమును ప్రకటించిరి.

ఆ సంవత్సరముననే కెనడా దేశపు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రజ్ఞురాలగు మిర్నా గోప్నిక్ ఆ కుటుంబమువారిని బెర్కో పరీక్షవంటి పరీక్షలతో పరికించి, ‘నేచర్’ పత్రికకు చిన్న లేఖ వ్రాసెను. లోపమున్నవారు వచనమును, కాలమును తెలుపు ప్రత్యయములను సరిగ చేర్చలేకున్నారనియు, వారి వ్యాకరణము అట్టి లక్షణములను చూడజాలని గ్రుడ్డి వ్యాకరణమనియు ఆమె నిర్ణయించెను. ఆమె తన మాటలను కొంత జాగ్రత్తగనే వ్రాసెను. కాని పత్రికలవారికి ఆ జాగ్రత్త అక్కఱలేకపోయెను. ‘వ్యాకరణ జన్యువు’ అను మాట అప్పుడే పుట్టినది. జన్యువు కనుగొనబడుటకు పదునొకండేండ్లు ముందే దానికి పేరు పెట్టబడినదన్నమాట. బిడ్డ పుట్టకముందే బారసాల చేసినట్లున్నది ఈ తీరు.

ఐదేండ్ల తరువాత, 1995 లో, లండనులోనే ఫరానే వర్గా-ఖాదెమ్ మున్నగువారు అదే కుటుంబమును మఱింత విపులముగ పరీక్షించి భిన్నమైన ఫలితములను ప్రకటించిరి. లోపమున్నవారికి వినికిడి బాగుగనే యున్నది. చేతులు కాళ్లు చక్కగ ఆడుచున్నవి. కాని ముఖము క్రిందిభాగమును, పెదవులను, నాలుకను ఒకదానివెంట నొకటిగ, చెప్పిన వరుసలో కదల్చుడన్నచో వారికి సాధ్యము కాలేదు. మాటతో నిమిత్తము లేని కదలికలు గూడ చెడినవి. సగటు బుద్ధిపరీక్షలలోను వారు తక్కినవారికంటె వెనుకబడియుండిరి. వ్యాకరణమొక్కటే చెడి తక్కినదెల్ల బాగుండెనన్న మాట ఇచట నిలువలేదు.

ఇచట పద్ధతికి సంబంధించిన చిక్కొకటి యున్నది. దానిని మన భాషలోనే చూతము. ఒక బాలుడు ‘పిల్లులు’ అనుటకు మాఱుగ ‘పిల్లు’ అన్నాడనుకొందము. వానికి బహువచన ప్రత్యయము తెలియదని వ్రాసికొనవలెనా? లేక ‘ల్లు’ పలికిన వెంటనే మరల ‘లు’ పలుకుటకు నాలుక తిరుగలేదని వ్రాసికొనవలెనా? విన్నవాని చెవికి రెండును ఒక్కటే. వ్యాకరణదృష్టితో విన్నవాడు ప్రత్యయలోపమని వ్రాసికొనును. శిక్షాదృష్టితో విన్నవాడు కరణదోషమని వ్రాసికొనును. ఇంగ్లీషులో బహువచనమును తెలుపునది పదాంతమున సకారమో, దాని నాదరూపమో యగుట చేత, అది తఱచు మఱియొక హల్లు వెంట నతుకుకొని వచ్చుటచేత, ఆ భాషలో ఈ చిక్కు మఱింత పెద్దది. పలికిన మాటను మాత్రమే ఆధారముగ గొని లోనున్న సూత్రమును గూర్చి తీర్పు చెప్పుట ఎంత ప్రమాదకరమో, జానపద మాండలికములను సేకరించు మన విద్యార్థులును గుర్తుంచుకొనదగినది.

అయినను లోపమంతయు నోటిలోనే యున్నదని ఎదుటికొసకు పరుగెత్తుట న్యాయము కాదు. లోపమున్నవారికి వ్రాతలోను, వాక్యార్థగ్రహణములోను గూడ కొంత కొఱత కనబడినది. అది నోటి లోపము చేత బాల్యమున భాష చక్కగ అభ్యస్తము కాకపోవుటవలన వచ్చినదా, లేక మెదడులో వేఱుగ నొక మూలము కలదా యన్నది పండితులలో చర్చకు లోనై యున్న విషయమే. 2002 లో కేట్ వాట్కిన్స్ మున్నగువారు పెక్కు పరీక్షల ఫలితములను పోల్చి చూచినప్పుడు, లోపమున్నవారిని లేనివారినుండి స్ఫుటముగ వేఱుపఱచినది వ్యాకరణ పరీక్ష కాదు. ఉచ్చారణ కఠినమగు అర్థరహిత పదములను విని మరల పలుకు పరీక్ష. అనగా నోరు తిరుగు పరీక్షయే.

ఇక జన్యువు సంగతి. 1998 లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున సైమన్ ఫిషర్, ఆంథొనీ మొనాకో మున్నగువారు ఈ లోపమునకు మూలము ఏడవ క్రోమోజోము పొడుగు చేతిమీద 31 వ పట్టెలో ఉన్నదని నిరూపించిరి. ఆ పట్టెలో అనేక జన్యువులున్నవి. ఏది దోషియో తెలియలేదు. అప్పుడు అదృష్టవశమున, ఆ కుటుంబముతో సంబంధము లేని బాలుడొకడు దాదాపు అట్టి లోపముతోనే వైద్యులకు కనబడెను. అతని ఏడవ క్రోమోజోము విఱిగి, దాని ముక్క ఐదవ క్రోమోజోము ముక్కతో తారుమాఱై అతుకుకొని యుండెను. విఱిగిన చోటు సరిగ ఒక జన్యువు నడుమ పడెను. ఆ జన్యువునే కె.ఇ. కుటుంబమువారియందు వెదుకగా లోపమున్న ప్రతివ్యక్తియందును ఒక్క అక్షరపు మార్పు కానవచ్చెను. లోపము లేనివారియందు అది లేదు. సిసిలియా లాయ్ ప్రథమ రచయిత్రిగ ఈ ఫలితము 2001 లో ‘నేచర్’ పత్రికయందే ప్రకటితమయ్యెను.

అక్షరమని మేము ఊఱక అనలేదు. జన్యువు డి.ఎన్.ఏ. అను పదార్థమున వ్రాయబడిన లేఖ. దాని వర్ణమాల నాలుగక్షరములది: ఎ, టి, జి, సి. ఈ లేఖ చదువబడు తీరు ఛందస్సు నెఱిగినవారికి వింతగ తోపదు. గురువు, లఘువు అను రెండింటిని మూడేసిగ కూర్చినచో మగణము మొదలుగ ఎనిమిది గణములగును. నాలుగక్షరములను మూడేసిగ కూర్చినచో అఱువదినాలుగు గణములగును. వానిలో మూడు విరామమును తెలుపును. తక్కిన అఱువదియొకటి ఇరువది విధముల అమైనో ఆమ్లములను తెలుపును. కణము ఈ లేఖకు వార్తాహర ఆర్.ఎన్.ఏ. అను ప్రతిని తీసి, గణములవారీగ చదువుచు, ఒక్కొక్క గణమునకు ఒక్కొక్క అమైనో ఆమ్లమును గ్రుచ్చి హారముగ కూర్చును. ఆ హారము తనంత తాను మడతపడి మాంసకృత్తు అగును. సామ్యము ఇంతవఱకే, గణమునకు బదులు గణము పడినచో పద్యమునకు లయభంగమగును, ఇచట పదార్థమే మాఱును.

ఫాక్స్‌పి2 మాంసకృత్తు ప్రధానరూపమున 715 అమైనో ఆమ్లముల హారము. అనగా దానికి కావలసిన లేఖ 2,145 అక్షరములు, చివర విరామగణమునకు మఱి మూడు. జన్యువు క్రోమోజోముపై ఆక్రమించు చోటు మాత్రము లక్షలకొలది అక్షరముల పొడవు. చదువబడు భాగములు ముక్కలుముక్కలుగ అందు చెదరియున్నవి. హారమున మొదటి సగములో ఒకచోట గ్లూటమిన్ అను ఒకే ఆమ్లము వరుసగ నలువదిమాఱులు వచ్చును. హంటింగ్‌టన్ వ్యాధికి మూలమైన మఱియొక మాంసకృత్తులో గ్లూటమిన్లు నలువదియో, అంతకు మించియో వరుసగ పేరినచో మెదడు క్షీణించును. ఇచట నలువది సహజస్థితియే. ఒకే పునరుక్తి ఒకచోట దోషము, వేఱొకచోట గుణము. ఆలంకారికులు చెప్పినదియు ఇదియే గదా.

హారము రెండవ సగమున సుమారు నూఱు ఆమ్లముల ఖండమొకటి ముఖ్యమైనది. దానికి ‘ఫోర్క్‌హెడ్’ ఖండమని పేరు. ఆ పేరు ఈగవలన వచ్చినది. పండ్లపై ముసురు చిన్న ఈగయందు ఈ కుటుంబపు జన్యువు నొకదానిని మొట్టమొదట గుర్తించిరి. అది చెడినచో పిండమునకు తలభాగమున శూలపు మొనలవంటి వింత యాకారము ఏర్పడుచుండెను. అందుచేత ‘చీలుతల’ యని పేరు. మానవునియందు ఈ కుటుంబపు జన్యువులు నలువదికి పైగ కలవు. వానిలో పి వర్గమునకు చెందినవి నాలుగు. మూడవదియగు ఫాక్స్‌పి3 మాటకు సంబంధించినది కాదు, శరీరపు వ్యాధినిరోధశక్తిని అదుపున నుంచునది. 2025 వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానమునకు కారణమైన పరిశోధనలలో దాని పాత్ర పెద్దది. ఒక్క కడుపున పుట్టినవారు వేఱువేఱు వృత్తులలో ప్రవేశించినట్లు, ఒక్క మూలమునుండి చీలిన జన్యువులు వేఱువేఱు పనులకు కుదిరినవి.

ఫోర్క్‌హెడ్ ఖండము చేయు పని యేమి? అది డి.ఎన్.ఏ.ను పట్టుకొనును. ఫాక్స్‌పి2 మాంసకృత్తు కణకేంద్రకములోనికి పోయి, తనవంటి మఱియొక దానితోనో, ఫాక్స్‌పి1, ఫాక్స్‌పి4 అను సోదరులతోనో జతగూడి, ఇతర జన్యువుల ముంగిట కూర్చుండి, అవి ఎప్పుడు ఎంత చదువబడవలెనో నిర్ణయించును. ఇది కండను కట్టునది కాదు, ఆహారమును జీర్ణము చేయునది కాదు; కేవల నియామకము. వ్యాకరణమున అధికారసూత్రము తాను ఏ రూపమును సాధింపక, తరువాతి సూత్రములపై ఆధిపత్యము వహించినట్లు ఇది వందలకొలది జన్యువులపై ఆధిపత్యము వహించును. అందును ఎక్కువగ విధికంటె నిషేధమే దీని పని: చదువబడుచున్న జన్యువును అణచివేయుట. ఇట్టి నియామకమును పట్టుకొని ‘ఇది మాటకు జన్యువు’ అనుట, అధికారసూత్రమును పట్టుకొని ‘ఇది ఫలాన పదమునకు సూత్రము’ అనుటవంటిది.

కె.ఇ. కుటుంబమున మాఱిన అక్షరము 553 వ గణమునకు నడిమిది. అచట ‘జి’ ఉండవలసిన చోట ‘ఎ’ వచ్చెను. దానివలన ఆర్జినిన్ అను ఆమ్లమునకు మాఱుగ హిస్టిడిన్ చేరెను. 715 లో ఒక్కటి. కాని అది ఫోర్క్‌హెడ్ ఖండములో, డి.ఎన్.ఏ.ను పట్టుకొను వ్రేలివంటి చోట పడెను. మాఱిన మాంసకృత్తు డి.ఎన్.ఏ.ను పట్టుకొనజాలదనియు, కేంద్రకములోనికి చేరుటయందును తడబడుననియు 2006 లో సోంజా వెర్న్స్ మున్నగువారు చూపిరి. మనుష్యునకు ప్రతి జన్యువునకు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి రెండు ప్రతులుండును. కె.ఇ. కుటుంబమువారికి రెండవ ప్రతి బాగుగనే యున్నది. అయినను పని చెడినది. కావున ఈ మాంసకృత్తు సగము పాలున్నచో చాలదని తేలుచున్నది. లోపమున్న తల్లియో తండ్రియో తన రెండు ప్రతులలో ఏదో ఒకదానినే బిడ్డకిచ్చును గావున సంతానమున సగము మందికి లోపము వచ్చుటయు దీనివలన బోధపడును. 2005 లో మఱియొక కుటుంబమున ఈ జన్యువే 328 వ గణముకడ అకాలవిరామము పడి తెగిపోవుట కనబడినది; అచటను మాట చెడినది. ఒక్క కుటుంబముపై ఆధారపడిన సిద్ధాంతమునకు ఇది రెండవ సాక్ష్యము.

ఈ మాంసకృత్తు మెదడులో మాత్రమే యుండునని కొందఱు తలంతురు. అది సరికాదు. పిండదశలో ఊపిరితిత్తులయందును, జీర్ణనాళమునందును, గుండెయందును ఇది కలదు. మెదడులో విశేషముగ పైపొరయందును, లోపలనుండు కాడేట్ కేంద్రకము మున్నగు బేసల్ గాంగ్లియాయందును, చిన్నమెదడునందును కనబడును. లోపమున్నవారి మెదడుల ఛాయాచిత్రములలో కాడేట్ కేంద్రకము చిన్నదిగ నుండెను. ఈ కేంద్రములు ఏ పనికి ప్రసిద్ధములు? అభ్యాసముచేత వరుస కదలికలను అలవాటు చేసికొనుటకు. వీణపై వ్రేళ్ల వరుస, నాట్యమున అడుగుల వరుస కుదురుటకు తోడ్పడు భాగములివి. కరణవిన్యాసము అని భర్తృహరి వాడిన మాట ఇచట ఎంత చక్కగ అతుకునో పాఠకులే చూడవచ్చును. భర్తృహరి జన్యువు నెఱిగినాడని మా భావము కాదు. అట్టి వెఱ్ఱిమాటలు మన పత్రికలలో ఇప్పటికే చాలినన్ని వచ్చినవి. పుట్టుకతో వచ్చునదానిని ఎచట వెదుకవలెనో ఆయన ఒక మంచి చోటు చూపెననుటయే మా భావము.

వ్యాకరణము లేని ప్రాణులయందును ఈ జన్యువు చక్కగ పనిచేయుచున్నది. రెండు ప్రతులును చెఱుపబడిన చుంచుపిల్లలు మూడు వారములకు మించి బ్రదుకలేదు. ఒక ప్రతి చెడినవి తల్లికొఱకు చేయు సన్నని కూతలను తక్కువగ కూసెను. ఆస్ట్రేలియా దేశపు జీబ్రా ఫించ్ అను చిన్నపిట్టలో మగది తండ్రివంటి పెద్దపిట్ట పాటను విని, తాను మరల మరల సాధన చేసి నేర్చుకొనును. 2007 లో బెర్లినునందు కాన్‌స్టాన్స్ షార్ఫ్ బృందమువారు, పాట నేర్చుకొను వయస్సున ఆ పిట్ట మెదడులో, మన కాడేట్ కేంద్రకమునకు సాటియగు చోట, ఈ మాంసకృత్తును తగ్గించి చూచిరి. పిట్టలు పాడినవి, కాని గురువు పాటను పూర్తిగ పట్టలేదు. స్వరములు కొన్ని విడిచినవి, కొన్ని తప్పినవి, ఒక్కొక్కసారి ఒక్కొక్క రీతిగ పలికినవి. శిష్యునకు గొంతు ఉన్నది, చెవి ఉన్నది, గురువు ఉన్నాడు. విన్నదానిని అన్నదిగ మార్చు సాధన కుదురలేదు. సంగీతము నేర్పినవారు ఇట్టి శిష్యులను చూడకపోలేదు.

మఱి మానవుని విశేషమేమి? 2002 లో లైప్‌సిగ్ నగరమున వోల్ఫ్‌గాంగ్ ఎనార్డ్, స్వాంటె పేబో మున్నగువారు పెక్కు ప్రాణుల ఫాక్స్‌పి2లను పోల్చిరి. చుంచు మాంసకృత్తునకును మానవుని దానికిని, గ్లూటమిన్ల వరుసను విడిచినచో, మూడే భేదములు. చింపాంజీకిని మనకును రెండే. అవి 303, 325 స్థానములలో నున్నవి. ఇంతగ మాఱని మాంసకృత్తు మానవజాతిలో మాత్రము రెండుచోట్ల మాఱుట విశేషమే. ఆ మార్పు గత రెండు లక్షల యేండ్లలోపల ప్రకృతివరణముచేత వ్యాపించి యుండవచ్చునని వారు లెక్కగట్టిరి. ఇంకేమి, మానవభాష పుట్టిన ముహూర్తము దొరకినదని లోకము సంబరపడెను.

ఆ సంబరము నిలువలేదు. 325 వ స్థానమున మనయందు వచ్చిన మార్పే పిల్లులు, కుక్కలు చేరిన మాంసాహారిమృగ వర్గమున గూడ స్వతంత్రముగ వచ్చియున్నది. 2007 లో అదే లైప్‌సిగ్ బృందమువారు స్పెయిను దేశపు ఎల్ సిడ్రోన్ గుహలో దొరకిన నియాండర్తల్ ఎముకలనుండి డి.ఎన్.ఏ. తీసి చూడగా, మన రెండు మార్పులును వారియందును ఉండెను. కావున ఆ మార్పులు రెండు జాతులు విడిపోవుటకు ముందటివని తలంపవలసి వచ్చెను. పిదప 2018 లో ఎలిజబెత్ ఆట్కిన్‌సన్, బ్రెన్నా హెన్ మున్నగువారు నానాదేశముల మానవుల డి.ఎన్.ఏ.ను విస్తారముగ తీసికొని మరల లెక్కవేయగా, ఇటీవలి ప్రకృతివరణమునకు చిహ్నమే కనబడలేదు. తొలి లెక్క తప్పుటకు ముఖ్యకారణము తీసికొన్న మనుష్యులు కొలదిమంది యగుట, అందును ఆఫ్రికావాసులు తగినంతమంది లేకుండుట. కొన్ని తాళపత్ర ప్రతులను మాత్రమే చూచి, అవియు ఒక్క ప్రాంతమువే చూచి, మూలపాఠమును నిర్ణయించిన పరిష్కర్తకు ఏమి జరుగునో ఇచటను అదియే జరిగినది. ఎనార్డ్ బృందమువారు చుంచులలో మానవుని రెండు మార్పులను చేర్చి 2009 లో చేసిన ప్రయోగము మాత్రము ఇంకను ఆసక్తికరమే: ఆ చుంచులు మాటలాడలేదు గాని, వాని కూత కొంత మాఱెను, బేసల్ గాంగ్లియాలోని నాడీకణముల కొమ్మలు పొడుగయ్యెను.

ఇచట మఱియొక అపోహను గూడ తొలగింపవలసియున్నది. భాష రక్తములో నున్నదని, ఫలాన భాష ఫలాన జాతికి పుట్టుకతోనే నోట పలుకునని చెప్పువారు ఈ జన్యువును సాక్ష్యముగ పిలుచుచున్నారు. ఫాక్స్‌పి2 తెలుగువానికి ఒకటి, తమిళునకు వేఱొకటి, ఆంగ్లేయునకు ఇంకొకటి కాదు. మారిషస్ ద్వీపమునందలి ఆంధ్రసంతతివారిలో ఎక్కువమంది ఇండ్లలో క్రియోలు భాషను పలుకుదురు. వారి పూర్వులు ఓడనెక్కినప్పుడు జన్యువులను విడిచిపోలేదు. అమెరికాలో పెరుగు మన బిడ్డలకు తెలుగు రాకున్నచో దోషము ఏడవ క్రోమోజోముది కాదు.

జన్యువు ఒక్కటియే కారణమని తలంచుట ఎంత తప్పో, మాట ఆలస్యమైన ప్రతిబిడ్డకును ఈ జన్యువు చెడినదని తలంచుటయు అంత తప్పు. సాధారణముగ కనబడు భాషాభ్యాస లోపములకు ఫాక్స్‌పి2 కారణము కాదు. అది చెడుట మిక్కిలి అరుదు. కాని అది చూపిన త్రోవ ఉపయోగపడినది. ఫాక్స్‌పి2 అణచు జన్యువులలో సి.ఎన్.టి.ఎన్.ఏ.పి.2 అనునది యొకటి. సాధారణ భాషాలోపమున్న బాలురలో ఈ రెండవ జన్యువునందలి కొన్ని భేదములు ఒక ప్రత్యేకశక్తి తగ్గుదలతో కలిసి వచ్చుచున్నవని 2008 లో వెర్న్స్, ఫిషర్ మున్నగువారు ప్రకటించిరి. ఆ శక్తి యేదనగా, అర్థరహిత పదమును విని మరల పలుకుట. త్రోవ మరల అదే పరీక్షకడకు వచ్చినది.

ఈ పరీక్షలోనే తెలుగు అధ్యాపకులకు కొంత పని కలదు. బడిలో ఒకానొక బాలుడు పాఠమును గ్రహించియు పలుకలేక నిలిచినప్పుడు వానికి మొద్దని, సోమరియని పేరు వచ్చుట మనము చూచుచున్నదే. మాలో కొందఱము మా ఉపాధ్యాయత్వపు తొలిదినములలో అట్టి పేర్లు పెట్టినవారమే. వానికి మాట తెలియదా, నోరు తిరుగదా యని విడదీయుటకు అర్థరహిత పదముల పట్టిక కావలెను. ఆ పదములు ఇంగ్లీషు పట్టికలనుండి లిపి మార్చి వ్రాసికొన్నచో పనికిరావు. ఇంగ్లీషు పదము హల్లుతో ముగియును, మొదటనే మూడు హల్లులను గుదిగ్రుచ్చును. అచ్చతెలుగు పదము సాధారణముగ అచ్చుతో ముగియును. మనకు కష్టము వేఱుచోట్ల నున్నది: ‘అక’, ‘అక్క’ లకు వలె ద్విత్వము ఉండుట లేకుండుట, దంత్యము వెంట మూర్ధన్యము వచ్చుట, పెదవినుండి మూర్ధమునకు, అచటనుండి కంఠమునకు వరుసగ పోవు ‘పటక’ వంటి కూర్పులు, లకార ళకారముల ఎదురుబొదురు. ‘తటికల’, ‘పొడ్డతిగ’, ‘బళలిట్ట’ వంటి లేని మాటలను, తెలుగుమాటలవలెనే వినబడునట్లు, రెండక్షరములనుండి ఐదక్షరముల వఱకు క్రమముగ కఠినమగునట్లు కూర్పవలెను. నిఘంటువులో నున్న మాట పొరపాటున గూడ అందు దూరరాదు. మాండలికములలో అర్థమున్న మాటయు దూరరాదు. దూరినచో జ్ఞాపకశక్తికిని నోటికిని నడుమ మరల పాత చిక్కే వచ్చును. అట్టి పట్టికను కూర్చుట వైద్యుని పని కాదు. వర్ణములను, మాండలికములను ఎఱిగినవాని పని.